స్తుతి కవుల పక్షాన ఒక మాట

స్తుతి కవిత్వం అనగానే మనలో చాలామందికి పెదవి విరుపు ముందు వస్తుంది, పద్యం తర్వాత వస్తుంది. నరస్తుతి అన్న మాటలోనే ఒక చీత్కారం ఉన్నది. దొర అన్నం పెట్టాడు, కవి పొగిడాడు, లెక్క సరిపోయింది.. ఇంతకు మించి అందులో చూడవలసినది ఏమున్నదని మన ప్రశ్న. ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. నాలుగు వందల ఏళ్ళకు పూర్వం బ్రిటన్ ద్వీపపు పడమటి అంచున, వేల్సు దేశంలో, ఇదే ప్రశ్న మీద ఇద్దరు కవులు ఏళ్ళ తరబడి పద్యాలతోనే పోట్లాడుకొన్నారు. 1580 ప్రాంతంలో మొదలైన ఆ వాదం 1587-88 ప్రాంతంలో ఒకరి మరణంతో గానీ ఆగలేదు. మొత్తం 54 కవితలు, 5000 పైచిలుకు పాదాలు. ఆ వాదాన్ని తలచుకొనేవారు సాధారణంగా పండితుడి వైపు మొగ్గుతారు, వృత్తికవిని చూసి జాలిపడతారు. నాకు మాత్రం ఆ వృత్తికవి వైపున చెప్పవలసిన మాట ఒకటి మిగిలే ఉన్నదనిపిస్తుంది. ఈ టపా అందుకోసం.

ముందుగా ఒక మనవి. వేల్సు పేర్లను ఇంగ్లీషువారి నోటితో కాక ఆ భాషవారి ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా రాస్తున్నాను. వారి రాతలో చూసినప్పుడు అచ్చులే లేనట్టు భయపెట్టే ఆ పేర్లు తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఎంతో మర్యాదగా ఒదుగుతాయి. మన లిపి చేసే మేళ్ళలో ఇదొకటి.

1282లో వేల్సు చివరి స్వతంత్ర ప్రభువు లవెలిన్ ఇంగ్లండు సేనల చేతిలో మరణించాడు. ఆస్థానాలు పోయాయి. కవులు మాత్రం పోలేదు. రాజు లేని దేశంలో ఆస్థానకవి ఎక్కడికి పోవాలి? రాజు తర్వాతి మెట్టున ఉన్నవాడి ఇంటికి. అట్లా చేరదీసినవారిని వేల్సు భాషలో 'ఇఖెల్విర్' అంటారు, అంటే ఉన్నతులు, కులీనులు. వీరంతా మహా జమీందారులనుకొంటే పొరపాటు. చాలామంది ఒక లోయకో రెండు లోయలకో పెద్ద. పొలం, పశువులు, ఒక పెద్ద కూడపు ఇల్లు, ఆ కూడంలో వచ్చినవాడికల్లా భోజనం. ఇంత ఉంటే చాలు, కవి గడప తొక్కేవాడు. పద్నాలుగో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా, సుమారు మూడు వందల యాభై ఏళ్ళు, వేల్సు కవిత్వపు ప్రధాన ధార ఈ ఇళ్ళ మీదుగానే ప్రవహించింది. ఆ కవులకు సాహిత్య చరిత్రలో 'ఉన్నతుల కవులు' అనే పేరే స్థిరపడింది.

ఏమి రాసేవారు? ఇంటి యజమాని బతికి ఉండగా ప్రశంస, పోతే స్మృతికవిత, మధ్యలో ఏదైనా కావలసి వస్తే యాచన. వీటికి వాహకమైన ఛందస్సు 'కవిద్'. (మన 'కవి'తో దానికి ఏ చుట్టరికమూ లేదు, చెవికి మాత్రం చుట్టమే.) పాదానికి ఏడు అక్షరాలు, రెండేసి పాదాలకు అంత్యప్రాస, అందులోనూ ఒక పాదం ఊనిక ఉన్న అక్షరంతో, రెండోది ఊనిక లేని అక్షరంతో ముగియాలి. ఇది సులభం. కష్టమంతా 'కంఘానెద్' అనే నియమంలో ఉన్నది. మనకు యతికి ఒక అక్షరం, ప్రాసకు ఒక అక్షరం కుదిరితే చాలు. వారికి పాదం పాదమంతా కుదరాలి. కంఘానెద్‌లో ఒక రకంలో పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులన్నీ రెండో సగంలో అదే వరుసలో తిరిగి రావాలి, అచ్చులు మాత్రం మారవచ్చు. ఇంకొక రకంలో పాదం లోపలే అంత్యప్రాస పడాలి. మరొక రకంలో ఈ రెండూ కలవాలి. ఏడక్షరాల పాదంలో ఇంత పని! అదీ ఒకటి రెండు పాదాలకు కాదు, డెబ్భై ఎనభై పాదాల కవిత పొడుగునా.

ఇటువంటి విద్య ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి వచ్చేది కాదు. గురువు వద్ద ఏళ్ళ తరబడి ఉండాలి. 24 ఛందస్సులు నేర్వాలి, పాతకవుల పద్యాలు కంఠస్థం కావాలి, వంశావళులు తెలియాలి, కులచిహ్నాలు గుర్తుపట్టాలి. చరిత్ర, భాష, వంశావళి ఈ మూడింటినీ కవి కాపాడవలసిన 'మూడు స్మృతులు' అనేవారు. విద్య ముగిశాక పరీక్ష, ఆపై అంచెలంచెలుగా పట్టాలు, చిట్టచివర 'పెన్‌కెర్ద్' అనే గురుస్థానం. ఈ వ్యవహారాన్ని చక్కదిద్దడానికి 1523లోనూ, 1567లోనూ ఈశాన్య వేల్సులోని కైర్విస్ అనే చిన్న ఊరిలో సభలు జరిగాయి. ఐస్తెద్వోద్ అంటే అదే, కూర్చుండే సభ. 1523 సభ నాటి శాసనాన్ని పన్నెండో శతాబ్దపు రాజు గ్రిఫిద్ అప్ కనాన్ పేరిట ప్రకటించారు. ఎంతో పాతదని చెబితేనే జనం వింటారన్న తెలివి అన్ని దేశాలలోనూ ఉన్నదే. ఎవరు ఏ పండుగకు ఏ ఇంటికి పోవచ్చు, ఎంత పుచ్చుకోవచ్చు, ఎట్లా నడుచుకోవాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. 1567 సభ ఎలిజబెత్ రాణి ఉత్తర్వుతో జరిగింది. కవులమని చెప్పుకొంటూ ఊళ్ళ మీద పడుతున్న పనీపాటా లేని వారిని ఏరివేసి, అర్హులకు అనుమతి పత్రాలిచ్చి, తక్కినవారిని ఒళ్ళు వంచి బతకమని పంపడం ఆ ఉత్తర్వు సారాంశం. గెలిచినవారికి వెండి వీణ బహూకరించే హక్కు మోస్టిన్ వంశానిది. ఆ సభలోనే విలియం లిన్, సిమంట్ వఖన్ వంటివారు గురుపట్టాలు పొందారు. వీరిద్దరూ గ్రిఫిద్ హిరైథోగ్ శిష్యులు.

ఇంత కట్టుదిట్టమైన వృత్తి కేవలం ముఖస్తుతి కోసమే ఏర్పడిందంటే నమ్మడం నాకు కష్టం. ముఖస్తుతికి ఇంత చదువు అక్కరలేదు.

పదిహేనో శతాబ్దపు గిటోర్ గ్లిన్‌ను చూడండి. 1468లో విలియం హెర్బర్ట్ అనే ప్రభువు ఇంగ్లండు రాజు నాలుగో ఎడ్వర్డు పక్షాన హార్లెక్ కోటను పట్టుకొని ఉత్తర వేల్సును అణచివేశాడు. గిటోర్ గ్లిన్ అతనిని పొగుడుతూ కవిత చెప్పాడు. పొగడ్తతో మొదలై ఆ కవిత ఎక్కడికి పోయిందంటే, ఉత్తరాదివారి మీద క్రూరంగా ఉండవద్దని, పన్నులతో పీడించవద్దని, ఉత్తరాన్నీ దక్షిణాన్నీ ఒకటి చేయమని అడగడం దాకా పోయింది. గెలిచి చేతిలో కత్తి పట్టుకొన్నవాడి ఎదుట నిలబడి దయ చూపమని చెప్పడానికి ఆనాడు ఎవరికి నోరున్నది? పొగడడానికి అనుమతి ఉన్నవాడికి మాత్రమే. (మరుసటి ఏడే హెర్బర్ట్ యుద్ధంలో ఓడి శిరచ్ఛేదానికి గురయ్యాడు. అది వేరే కథ.)

టిడిర్ ఆలెడ్ సంగతి ఇంకా స్పష్టం. పదహారో శతాబ్దం తొలి పాతికేళ్ళలో ఆయనను మించిన కవి లేడని తోటికవులే ఒప్పుకొన్నారు. పశ్చిమ తీరాన ఒక ఇంటి యజమానికీ అతని బంధువులకూ తగవులు ముదిరాయి. టిడిర్ ఆలెడ్ వారి మధ్య రాజీ కుదర్చడానికి ఒక కవిత చెప్పాడు. రక్తసంబంధీకులు ఒకరినొకరు చెరుపుకొంటే వేల్సు చితికిపోతుంది, ఇంగ్లండు బాగుపడుతుంది అని అందులో మొగమాటం లేకుండా అన్నాడు. వంశాన్ని పొగడడమే ఇక్కడ సాధనం. మీరు ఫలానావారి సంతతి, కనుక ఇట్లా చేయరాదు. 'కనుక' అన్న ఆ మాట కోసమే ముందున్న పొగడ్త అంతా. దొర ఉదారుడని కవి అన్నప్పుడు అది వార్త కాదు, బాకీ పత్రం. నలుగురు కూర్చున్న కూడంలో, వీణ మీద పాడి వినిపించిన తర్వాత, ఆ దొర మర్నాడు తలుపు మూసుకోగలడా?

యాచన కవితలు కూడా ఇటువంటివే. చిత్రం ఏమిటంటే అవి చాలాసార్లు కవి తన కోసం అడిగినవి కావు. ఒక ఆసామికి ఇంకొక ఆసామి దగ్గరున్న గుర్రం మీద మనసైంది. నోరు తెరిచి అడిగితే పరువు పోతుంది. కవిని పంపుతాడు. కవి ముందు ఇచ్చేవాడి వంశాన్ని పొగడుతాడు, తర్వాత అడిగేవాడిని పరిచయం చేస్తాడు, ఆపైన అడిగిన వస్తువు మీద ఉపమల వాన కురిపిస్తాడు. అబర్‌కాన్వీ మఠాధిపతిని ఒక గుర్రం అడుగుతూ టిడిర్ ఆలెడ్ మరొకరి తరఫున చెప్పిన కవిత ఈ జాతిలో శిఖరం. గుర్రం, విల్లు, ఎద్దు, తిరగలి రాళ్ళు, అంగీ.. ఏ వస్తువైనా సరే. ఇరుగుపొరుగు వారు అప్పు తెచ్చుకొనే విషయానికి ఇంత కవిత్వమా అని నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఒక సమాజంలో ఇచ్చిపుచ్చుకోవడమంతా పద్యం ద్వారా నడుస్తున్నదంటే, అక్కడ పద్యం అలంకారం కాదు, నాణెం.

ఆ మొదట చెప్పిన వాదం కూడా ఒక విల్లు కానుక విషయంలోనే మొదలైంది.

ఒక పక్క ఎడ్మండ్ ప్రీస్. కేంబ్రిడ్జిలో చదివినవాడు, బహుభాషావేత్త, మెరియోనెత్ ప్రాంతానికి ఆర్చిడీకన్, అనగా చర్చి అధికారి. రెండో పక్క విలియం కన్వల్. గ్రిఫిద్ హిరైథోగ్ దగ్గర నేర్చుకొన్నవాడు, 1567 సభలో పట్టా పుచ్చుకొన్నవాడు, కవిత్వమే జీవిక అయినవాడు. ప్రీస్ వాదం ఇది: వృత్తికవులు అబద్ధాలు అమ్ముతున్నారు. నిన్నగాక మొన్న పైకి వచ్చినవాడికి ప్రాచీన వంశం కడుతున్నారు. కత్తి పట్టనివాడిని వీరుడంటున్నారు. ఐరోపా అంతటా కొత్త విద్యలు పొంగిపొరలుతుంటే వీరు పాత పొగడ్తలే వల్లిస్తున్నారు. దైవాన్నీ ప్రకృతినీ శాస్త్రాన్నీ పాడండి, చదువుకోండి. దీనికి కన్వల్ ఇచ్చిన జవాబు మొండిది: నీకు గురువెవరు, పట్టా ఏది, నీ చర్చి పని నువ్వు చూసుకో, కవుల పని కవులకు వదులు. వాదపటిమలో ప్రీస్ ముందు కన్వల్ తేలిపోయాడన్నది నిజమే. ఒకే మాటను తిప్పి తిప్పి చెప్పాడు.

అయితే ప్రీస్ ఆరోపణలో ఒక ముఖ్యమైన సంగతి తప్పిపోయింది. వంశావళుల అబద్ధం కవుల గుణదోషమా? వేల్సు పాత చట్టంలో భూమి తండ్రి నుంచి కొడుకులందరికీ సమంగా పంచబడేది, బంధుసమూహానికి దానిమీద హక్కు ఉండేది. ఎవరు ఎవరి మునిమనవడో తెలియడం ఆనాడు గొప్పలు చెప్పుకోవడం కోసం కాదు, పొలం గట్టు కోసం. వంశావళి అంటే పట్టాదారు పుస్తకం. దాన్ని గుర్తుంచుకొన్న కవి గ్రామకరణం వంటివాడు. 1536లోనూ 1543లోనూ వచ్చిన చట్టాలు వేల్సును ఇంగ్లండులో కలిపివేశాయి, ఆస్తి అంతా పెద్దకొడుకుకు పోయే పద్ధతిని స్థిరపరిచాయి. ఆనాటితో వంశావళికి పొలంతో ఉన్న ముడి తెగింది. తెగిన తర్వాత అది గోడకు వేలాడే కులచిహ్నంగా మిగిలింది. పరిశీలించేవాడు లేని పత్రంలోనే కదా అబద్ధం చేరేది! పైగా ఎన్నో పాత ఎస్టేట్లు చేతులు మారుతున్న కాలం, మఠాల భూములు కొన్న కొత్తవారు పెద్దరికం కోసం తహతహలాడుతున్న కాలం. అడిగేవాడు పుట్టాడు గనుక అమ్మేవాడూ పుట్టాడు.

కవులకు ఇది తెలియదనీ కాదు. షోన్ టిడిర్ అని ఇంకొక కవి, గ్రిఫిద్ హిరైథోగ్ శిష్యుడే, స్వయంగా చిన్నపాటి భూస్వామి, కొంతకాలం లండనులో రాజసేవ చేసి వచ్చినవాడు. తోటికవులనే ఉద్దేశించి, తనను తాను కలుపుకొని, కొత్త డబ్బున్నవాడికి పాత వంశాలు అతికించే పనిని చెండాడుతూ ఒక కవిద్ రాశాడు. ప్రీస్ ఏది అన్నాడో దాదాపు అదే అన్నాడు. తేడా ఒక్కటే, లోపల నిలబడి అన్నాడు. నన్నడిగితే ఈ విషయంలో ప్రీస్ వేల పాదాల కన్నా షోన్ టిడిర్ ఒక్క కవిత బరువైనది.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పే ముచ్చట ఒకటి గ్లమోర్గన్ ప్రాంతం నుంచి ఉన్నది. పదహారో శతాబ్దం చివర జాన్ స్ట్రాడ్లింగ్ రాసిపెట్టాడు. మైరిగ్ దావిద్ అనే కవి అలవాటు ప్రకారం ఇళ్ళు తిరుగుతూ బ్యూపర్‌లో విలియం బాసెట్ ఇంటికి వెళ్ళి, ఆ వంశం మీద చెప్పిన కవిత సమర్పించాడు. దొర దాన్ని చదివి, దీనికి ఇంకొక ప్రతి ఉన్నదా అని అడిగాడు. లేదన్నాడు కవి. అయితే ఇదిగో నీ పారితోషికం అని ఒక నోబుల్ చేతిలో పెట్టాడు. నోబుల్ అంటే 6 షిల్లింగుల 8 పెన్నీల బంగారు నాణెం, తక్కువేమీ కాదు. పెట్టి, ఇక దీనికి ప్రతి మిగలకూడదని ఒట్టుపెట్టి కవితను నిప్పులో వేశాడు.

ఈ కథను హాస్యంగా చెప్పుకొంటారు. చెప్పినవాడి ఉద్దేశం కూడా హాస్యమే. నాకు నవ్వు రాలేదు. దొర డబ్బు ఎగవేయలేదు, గమనించండి. కవిని తరిమివేయలేదు. మర్యాదలు అన్నీ సక్రమంగా జరిగాయి. ఒక్కటే లోపం, ఆ కవిత అతనికి అక్కరలేదు. ఆ పొగడ్త తన మీద ఏ బాధ్యతా మోపలేదని అతనికి తెలుసు. తాను మంచివాడనిపించుకోవలసింది ఆ కూడంలో కాదు. కోర్టుల భాష, పదవుల భాష ఇంగ్లీషేనని 1536 చట్టమే శాసించింది. వేల్సు భాష మాత్రమే వాడేవాడికి ఉద్యోగం లేదన్నది. జస్టిస్ ఆఫ్ ది పీస్ కావాలన్నా, పార్లమెంటుకు పోవాలన్నా దొర మెప్పించవలసినవారు లండనులోనో లడ్లోలోనో ఉన్నారు. వారికి కవిద్ అర్థం కాదు.

ఒక ఇంట్లో ఈ మార్పు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈశాన్యాన డెన్బీ దగ్గర లెవెని అనే భవనం, సాల్స్‌బరీ వంశం వారిది. ఆ ఇంటి కోడలుగా వచ్చిన బెరైన్ కాత్రిన్‌ను ఎందరో కవులు కీర్తించారు. వారిలో మన కన్వల్ ఒకడు. నలుగురిని వరుసగా పెళ్ళాడి, వందల కుటుంబాలకు మూలమై 'వేల్సు తల్లి' అనిపించుకొన్న స్త్రీ ఆమె. ఆమె కొడుకు సర్ జాన్ సాల్స్‌బరీకి కూడా వేల్సు కవులు ప్రశంసలు చెప్పారు. అయితే 1601లో లండనులో రాబర్ట్ చెస్టర్ అనే ఆయన అచ్చువేసిన ఒక ఇంగ్లీషు కావ్యసంపుటం ఈ జాన్‌కే అంకితం. అందులో వెనుక చేర్చిన కవితలలో ఒకటి షేక్స్‌పియర్‌ది, ఫీనిక్స్ పక్షికీ గువ్వకూ సంబంధించిన ఆ చిన్న కవిత. ఒకే దొర, ఒకే కూడం. ఒక చెవిన కంఘానెద్, ఇంకొక చెవిన షేక్స్‌పియర్. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. షేక్స్‌పియర్‌ను వద్దనుకోవలసిన పనీ లేదు. తరువాతి తరాలకు రెండో చెవి ఒకటే మిగిలిందన్నదే సంగతి.

ధరలు కూడా వీరి ప్రాణం తీశాయి. పదహారో శతాబ్దమంతా ఐరోపాలో వస్తువుల వెలలు పెరుగుతూ పోయాయి, శాసనంలో రాసిన కవి పారితోషికం మాత్రం రాసినచోటే ఉన్నది. దీని గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు, నెలజీతగాళ్ళందరికీ అనుభవమే.

సరే, ఈ కవులకు నా పక్షపాతం ఎందుకో ఇప్పుడు చెప్పాలి. వేల్సు భాష నేటికీ బతికి ఉండడానికి కారణం ఏమిటని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు 1588 నాటి విలియం మోర్గన్ బైబిలు. అది నిజమే. కానీ ఆ బైబిలు ఏ భాషలో ఉన్నది? అంతకు ముందు 1567లో విలియం సాల్స్‌బరీ కొత్త నిబంధనను అచ్చువేశాడు. ఆయన గొప్ప పండితుడు, గ్రిఫిద్ హిరైథోగ్ సేకరించిన సామెతలను 1547 ప్రాంతంలో అచ్చొత్తించినవాడు కూడా ఆయనే. అయితే లాటిను మూలాలు కనబడాలన్న పట్టుదలతో మాటల వర్ణక్రమాన్ని వింతగా మార్చాడు. చర్చిలో నిలబడి చదివేవారికి నోరు తిరగలేదు. మోర్గన్ ఆ దారి విడిచిపెట్టాడు. ఉత్తరాది మాండలికాన్నీ పట్టుకోలేదు, దక్షిణాది మాండలికాన్నీ పట్టుకోలేదు. రెండు దిక్కులా తలవంచి ఆమోదించే శిష్టభాష ఒకటి అప్పటికే సిద్ధంగా ఉన్నది. దాన్ని మూడు శతాబ్దాలుగా అరగదీసి నునుపు చేసి పెట్టినవారు ఈ స్తుతి కవులే. దేశంలో విశ్వవిద్యాలయం లేదు, రాజధాని లేదు, రాజు లేడు, అచ్చుయంత్రం లేదు. మాట ఇట్లా ఉండాలని చెప్పగల అధికారం ఎవరిదంటే, ఇంటింటికీ తిరిగి పొగిడేవాడిది. ఉత్తరాన నేర్చినవాడు దక్షిణాన పాడి బహుమానం పుచ్చుకోవాలి గనుక అతని భాష రెండు చోట్లా చెల్లవలసిందే.

మోర్గన్ తన అనువాదంలో సాయపడినవారికి కృతజ్ఞత చెప్పాడు. వారిలో ఎడ్మండ్ ప్రీస్ ఒకడు, ఇద్దరూ కేంబ్రిడ్జి సహాధ్యాయులు. అంటే కన్వల్‌ను దులిపేసిన చేయి, కన్వల్ వంటివారు కాపాడిన భాషనే పట్టుకొని పని చేసింది. ఆ ప్రీస్ 1621లో కీర్తనల గ్రంథాన్ని ఛందోబద్ధం చేసినప్పుడు కంఘానెద్‌ను పక్కనబెట్టి తేలిక పద్యాలలో రాశాడు, పామరజనం కలిసి పాడుకోవాలని. దైవాన్ని పాడమని వృత్తికవికి ఏళ్ళ తరబడి ఉపదేశించినవాడు తానే ఆ పనికి దిగినప్పుడు వృత్తికవి పనిముట్టు పనికిరాదని తేల్చుకొన్నాడు. అది సరైన నిర్ణయమే. అయితే కన్వల్ మొండిగా చెప్పినదీ కొంత అదే కదా, ఈ పనిముట్టు ఈ పనికోసం చేసినదని!

కన్వల్ చనిపోయిన కబురు అందగానే ప్రీస్ ఆయన మీద స్మృతికవిత చెప్పాడు. చచ్చినవాడిని శాస్త్రోక్తంగా, కంఘానెద్‌తో, కవిద్‌లో కీర్తించాడు. ఇంతకాలం ఏ సంప్రదాయంతో పోట్లాడాడో ఆ సంప్రదాయంలోనే ప్రత్యర్థిని సాగనంపాడు. ఆ మొత్తం వాదంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కవుల తప్పులు లేవనను. రెండు పెద్దవి ఉన్నాయి. ఒకటి, విద్యను గుట్టుగా దాచుకోవడం. కులవిద్య బయటపడితే కూడు పోతుందన్న భయంతో అచ్చుకు దూరంగా ఉన్నారు. 1592లో షోన్ దావిద్ రీస్ అనే వైద్యుడు వేల్సు వ్యాకరణాన్ని, ఛందస్సును లాటిను భాషలో గ్రంథంగా వెలువరించాడు. ఖర్చు పెట్టుకొన్నది సెయింట్ డోనాట్స్ ప్రభువు సర్ ఎడ్వర్డ్ స్ట్రాడ్లింగ్. మీ విద్యను లోకానికి తెరవండి అని ఆ వైద్యుడు కవులను బహిరంగంగా వేడుకొన్నాడు కూడా. వారు పెద్దగా కదలలేదు. సిమంట్ వఖన్ ఒకడు తన పోషకుడు సైమన్ థెల్వల్ కోరిక మీద రోమను కవి మార్షల్ పద్యాన్ని వేల్సులోకి తెచ్చాడు, అది 1571లో ఒంటికాగితంగా అచ్చయింది. ఇటువంటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కూడంలో పాడి వినిపించే కవికి వినేవాడు ఎవరో ఎదురుగా కనబడతాడు. అచ్చుపుస్తకం చదివేవాడు కనబడడు, నాణెమూ ఇవ్వడు. వారి తటపటాయింపు నాకు అర్థమవుతుంది, కానీ దాని వల్ల నష్టపోయిందీ వారే.

రెండోది ఇంకా పెద్దది. కూడంలో కూర్చున్నవారిని చూశారు గానీ ఆ కూడానికి ధాన్యం తెచ్చిపోసినవాడిని చూడలేదు. గ్విదిర్ ప్రభువు సర్ జాన్ విన్ (1553-1627) తన వంశచరిత్రను తానే రాసుకొన్నాడు, కవులను ఆదరించాడు, కౌలుదార్లతోనూ ఇరుగుపొరుగుతోనూ కోర్టులకెక్కుతూనే జీవితం గడిపాడు. బైబిలు మోర్గన్ ఆ ఎస్టేటు కౌలురైతు బిడ్డే. బిషప్పు అయిన తర్వాత ఒక చర్చి ఆదాయం కౌలుకిమ్మని జాన్ విన్ అడిగితే నిరాకరించి, పాత ఉపకారాలు మరిచావన్న నిష్ఠూరం పడ్డాడు. అక్కడ 'కాదు' అన్న మాట బిషప్పు నుంచి వచ్చింది, కవుల నుంచి రాలేదు. పొగడ్తలో బాకీ ఉన్నదని పైన అన్నాను. ఆ బాకీ వసూలు చేయదలచుకొన్నది ఎవరి కోసమన్న ప్రశ్నకు ఈ కవుల దగ్గర మంచి జవాబు లేదు.

అయినా దొరలందరినీ ఒకే గాటన కట్టలేం. మెరియోనెత్‌లో డోల్గెలై ఊరి దగ్గర హెంగుర్ట్ అనే ఇల్లు ఉండేది. దాని యజమాని రాబర్ట్ వాన్ (1592-1667) మహా సంపన్నుడేమీ కాడు. జీవితమంతా తాళపత్రాల వంటి పాత చర్మపత్ర గ్రంథాలను వెతికి తెచ్చుకొని, దొరకనివాటిని నకలు రాసుకొన్నాడు. వేల్సు భాషలోని అతి ప్రాచీనమైన కవిత్వ సంపుటాలు ఆయన అలమరలో చేరే బతికాయి. ఆ సంగ్రహమే చేతులు మారి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అబరిస్త్విత్‌లోని వేల్సు జాతీయ గ్రంథాలయానికి చేరింది. కవి పోషకుడుగా దొర ఆగిపోతున్న కాలంలో పుస్తకాల కాపరిగా దొర మొదలయ్యాడన్నమాట. పాడేవాడు అక్కరలేకపోయినా పాడినది అక్కరకు వచ్చింది. ఇది మేలో కీడో తేల్చుకోలేకపోతున్నాను. బాసెట్ నిప్పు కంటే వాన్ అలమర వెయ్యి రెట్లు మేలు, అంతవరకు చెప్పగలను.

అదే తీరంలో ఫిలిప్ కుటుంబం ఉండేది, తరాల వృత్తికవులు. పెద్దవాడు షోన్ ఫిలిప్ 1620లో, డెబ్భై దాటిన వయసులో, ఇంకా ఇళ్ళ వెంట తిరుగుతూనే ఉన్నాడు. ఉత్తరాన పర్యటన ముగించుకొని సముద్రం మీదుగా ఇంటికి తిరిగి వస్తూ పుల్హెలి దగ్గర నీట మునిగి చనిపోయాడు. తీరాన ఉన్న లాండానుగ్ చర్చి ఆవరణలో పూడ్చారు. ఆయన తమ్ముడు రిషార్ట్ నన్నై అనే ఇంటి కవిగా ఉండి 1641లో పోయాడు. కొడుకు గ్రిఫిద్ ఫిలిప్ 1666లో పోయాడు. ఆ నన్నై ఇంట్లోనే షోన్ దావిద్ లాస్ అని ఇంకొకడు 1690ల నడుమ దాకా ఆస్థానకవిగా కొనసాగాడు. పద్ధతి ప్రకారం ఒక ఇంటిని అంటిపెట్టుకొని ఉన్న కవులలో అతనే చివరివాడని చెబుతారు. అతని తర్వాత ఆ కూడంలో కవికి వేసే పీట ఎవరూ వేయలేదు.